మనుషులు రైల్లో, సామాను లారీలో

ఆ రోజుల్లో తెనాలి హోటల్లో కూర్చుని టీ తాగాలంటే ఏదో ఒక పక్షంలో ఉండాల్సిందే. ప్రపంచంలో పెద్ద రాజ్యాలు రెండే కాబట్టి మాకూ పక్షాలు రెండే. నేను రష్యా, మా పెద్దక్కని చేసుకున్న బావ అమెరికా. ఎవరి దగ్గర ఎన్ని బాంబులున్నాయన్నది మాకు చిన్న విషయం. యుద్ధంలో ఉన్న సిపాయికి తిండి ఎవరు ముందు అందిస్తారన్నదే మా వాదం. "అడవి మధ్యలో ఉన్నవాడిక్కూడా విమానంలో ఐస్‌క్రీం పంపిస్తారురా వాళ్ళు" అనేవాడు బావ. "విమానం ఎంతని మోస్తుంది బావా? మావాళ్ళకి రోజుల తరబడి నడిచే రైళ్ళున్నాయి" అనేవాణ్ణి నేను. (మావాళ్ళంటే రష్యావాళ్ళు. నేను అప్పటికి ఇటు రేపల్లె, అటు బాపట్ల దాటి ఎరగను.) నేను రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాని, బావ లారీ ఆఫీసులో గుమాస్తా. మా సిద్ధాంతాలు ఎక్కణ్ణుంచి పుట్టాయో మాకు తప్ప హోటల్లో అందరికీ తెలుసు.

అలాంటి రోజుల్లో రేపల్లెలో మా ఇంట్లో చిన్నక్క పెళ్ళి కుదిరింది. అంతకుముందొక సంబంధం, మర్యాద తక్కువైందన్న వంకతో, తాంబూలాల దాకా వచ్చి చెడింది. అప్పట్నుంచి అక్క వీధి గుమ్మంలోకి రావడమే మానేసింది. ఈసారి బాపట్లవాళ్ళు. మంచివాళ్ళే గానీ భోజనాల దగ్గర పట్టింపు ఎక్కువని వినికిడి. నాన్న మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, "అల్లుడూ, ఒరే అబ్బాయ్, తెనాలి నుంచి రావాల్సినవన్నీ మీ పూచీ. ఈసారీ మాటొస్తే దాని మొహం నేను చూళ్ళేను" అన్నాడు.

అంత బరువు నెత్తిన పెట్టినా మా వాదం ఆగిందా? అరిటాకులు రైల్లోనా, లారీలోనా అన్నదాని మీదే బోలెడు టీ ఖర్చయింది. చివరికి పెద్ద రాజ్యాల్లాగే రాజీ పడ్డాం: మనుషులు రైల్లో, సామాను లారీలో. పెళ్ళినాడు పొద్దున్నే బావ లారీలో గుండిగలూ కూరగాయలూ ఆకులూ దించాడు. వెనకే నేను చుట్టాలతో రైలు దిగాను. ఇంటికొచ్చి నేను లారీ వెనకకి చూస్తున్నాను, బావ నా వెనకకి చూస్తున్నాడు.

"గరిటె బాబాయి ఏడిరా?"

"నీ లారీలో రాలేదా?"

"ఆయన మనిషిరా! రైల్లో కదా రావాలి?"

గరిటె బాబాయి అంటే మేం తెనాలిలో మాట్లాడుకున్న వంటాయన. నా లెక్కలో ఆయన గుండిగలతో పాటు వచ్చే సామాను. (బావ లెక్కే నయం, మనిషన్నాడు.) పైగా ఆయనకో నియమం ఉంది. పెళ్ళింటి మగవాడొకడు వచ్చి, ఆయన గరిటెలు చేత్తో పట్టుకుని ముందు నడిస్తే తప్ప ఇంటి అరుగు దిగడు. ఆ మగవాడు నేనని బావా, బావని నేనూ అనుకున్నాం. మళ్ళీ తెనాలి పోయి తీసుకొచ్చేసరికి ముహూర్తం, భోజనాలవేళ రెండూ దాటిపోతాయి. అక్క గదిలోంచి ఓసారి తొంగి చూసి తలుపేసుకుంది. భూమి చీలితే బాగుండుననిపించింది నాకు.

అమ్మ కుంకుమ భరిణె తీసుకుని వీధిలోకి నడిచింది. ప్రతి ఇంట్లో బొట్టు పెట్టి, "వదినా, నా పిల్ల పెళ్ళి నీ చేతుల్లో ఉంది" అంది. కాసేపట్లో వీధంతా పొయ్యిలే. నేనూ బావా ఆ ఇళ్ళకి కందిపప్పు మోశాం, కాలినడకన, ఏ రాజ్యం పద్ధతీ కాకుండా.

బంతిలో పెళ్ళికొడుకు తండ్రి చెయ్యి ఆపాడు. "పప్పు నా ఆకులో ఒక రుచి, పక్కాయన ఆకులో ఒక రుచీనంట. ఏంటండీ ఇది?" నాన్న మొహం పాలిపోయింది. తలుపు చాటునుంచి అమ్మే చెప్పింది: "వీధి వీధంతా కలిసి మీ కోడలి పెళ్ళికి వండిందండి, అన్నయ్యగారూ." ఆయన పక్కాయన ఆకు వైపు చూసి, "అయితే ఆ రెండో ఇంటిది కూడా ఇటు వడ్డించండి" అన్నాడు. లోపల అక్క నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

మర్నాడు తెనాలిలో దిగి బాబాయి ఇంటికి వెళ్ళాం. తిడతాడనుకున్నాం. "తెల్లారకముందే స్నానం చేసి, తువ్వాలు భుజానేసుకుని అరుగు మీద కూర్చున్నా బాబూ. దీపాలు పెట్టేదాకా మీరొస్తారనే చూశా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు టీవీలో పెద్దలు కూర్చుని ఫలానా సైన్యానికి ఎన్ని విమానాలు, ఎన్ని రైళ్ళు అని పోలుస్తుంటే, ఎవరి అరుగు మీద ఎవరు మిగిలిపోయారో అనిపిస్తుంది నాకు. అప్పట్లో, చిన్నక్క తర్వాత నా పెళ్ళి వచ్చినప్పుడు, తెల్లవారగానే నేనూ బావా చెరో గరిటె భుజానేసుకుని, బాబాయిని వెనక పెట్టుకుని, తెనాలి బజారు పొడుగునా స్టేషన్‌కి నడిచాం. టీ హోటల్ వాళ్ళు బయటికొచ్చి మరీ చూశారు. "ఇది ఎవరి పద్ధతంటావురా?" అన్నాడు బావ. "ముందు గరిటె సరిగ్గా పట్టుకో బావా, ఆయన చూస్తున్నాడు" అన్నాను.