ఎడమవైపు పడిన పూవు

నా గురించి మదనపల్లెలో ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథను అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నేనే. అందులో ఒక ముక్క అబద్ధం.

కథ ఇది. టమోటా మార్కెట్ దారిలో క్రేట్లు, పురికొస, టార్పాలిన్లు అమ్మే ఒకాయనకు పొట్టలో క్యాన్సర్ వచ్చింది. పుంగనూరులో ఉండే వాళ్లక్క అమ్మవారి దగ్గర పూవు అడిగింది. కుడి పూవు పడింది. ఆ ధైర్యంతో ఆయన కుప్పం వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు. జీర్ణాశయం మొత్తం తీసేసినా నిక్షేపంగా అంగట్లో కూర్చుని బేరాలు చేస్తున్నాడు.

పూవు అడగడమంటే తెలియనివాళ్లుంటారు. అమ్మవారి రెండు భుజాల మీద తడిపిన పూలు రెండు అతికిస్తారు. మనసులో ప్రశ్న అడిగి నిలబడాలి. కుడి భుజం మీది పూవు ముందు పడితే సరేనన్నట్టు, ఎడమది పడితే వద్దన్నట్టు. అడిగిన ప్రశ్న మళ్లీ అడగకూడదు. పడిన పూవును పూజారి చూసేదాకా ముట్టుకోకూడదు.

మా అక్క అడిగిన గుడి పుంగనూరు చివర మల్బరీ తోటల మధ్య ఉంటుంది. గుడి అంటే ఒక గది, అందులో నడుమెత్తు రాయి. రాయికి పసుపు మెత్తి, వెండి కళ్లు అతికించి ఉంటారు. ఆ రోజు పూజారి ఎర్రగన్నేరు పూలు రెండు అతికించాడు. ఇంతలో ఆవు మల్బరీలో పడిందని ఎవరో కేకేస్తే బయటికి పరుగెత్తాడు. అక్క రాయి ముందు నిలబడింది. నేను గడప దగ్గర కళ్లు మూసుకుని ఉన్నాను. తడిగుడ్డ జారినట్టు చిన్న చప్పుడైంది. తర్వాత అక్క గాజులు కదిలాయి.

"కుడి," అంది.

కళ్లు తెరిచాను. అక్క గుప్పిట్లో ఒక పూవుంది. కుడి భుజం ఖాళీగా ఉంది. ఎడమ భుజం మీద పూవు మాత్రం ఇందాకటి చోట లేదు. బెత్తెడు కిందికి, తలకిందులుగా అంటుకుని ఉంది. దాని పైన పసుపు మీద ఒక తడి గీత. అక్క నా వైపు తిరగలేదు.

పూజారి వచ్చేలోగా అక్క ఆ పూవును రాయి ముందు పెట్టింది. ఆయన వచ్చి చూశాడు. "కుడి ఇచ్చిందమ్మా. ఇంగ బయం ల్యా," అన్నాడు. నేను ఆ పూవును కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాను. ఎడమ పూవు చోటు ఎందుకు మారిందని అక్కను అడగలేదు. అడిగితే ఆపరేషన్‌కు వెళ్లనని నాకు తెలుసు. వెళ్లకపోతే ఏమవుతుందో డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు.

కుప్పంలో ఊరికి దూరంగా గుట్టల పక్కన పెద్ద ఆస్పత్రి ఉంది. నన్ను ట్రాలీ మీద తీసుకుపోతుంటే పైన లైట్లు ఒకటొకటిగా వెనక్కి జరగడం గుర్తుంది. మత్తు డాక్టరు ముక్కు మీద మాస్కు పెట్టి మీదేవూరని అడిగింది. మదనపల్లె అన్నాననుకుంటాను.

మెలకువ వచ్చిన గదిలో పగలూ రాత్రీ తేడా లేదు. ముక్కులో గొట్టం, పొట్టకు రెండు పక్కలా గొట్టాలు. మెడ తిప్పలేను. ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. నా ఎడమ భుజం తడిగా ఉంది. ఏదో చల్లటిది అక్కడ అంటుకుని నెమ్మదిగా కిందికి జారుతోంది. పడిపోతుందేమోనని నేను కదలకుండా పడుకున్నాను. అది పడితే అయిపోతుందని ఎందుకనిపించిందో చెప్పలేను. వేలితో చూపిస్తే నర్సమ్మ వంగి చూసింది.

"ఏమప్పా, ఏముండాది ఆడ? ఏం ల్యా. పొడిగానే ఉండాది."

ఆమె దూదితో తుడిచింది. ఆమె అటు వెళ్లగానే మళ్లీ తడి. మందుల ప్రభావమని, చాలామందికి అట్లాంటివి అనిపిస్తాయని తర్వాత డాక్టరు చెప్పాడు. నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను. అయినా స్నానం చేశాక ఆ భుజాన్ని రెండుసార్లు తుడుచుకుంటాను.

వార్డుకు మార్చాక నా భార్య ఒక సంగతి చెప్పింది. ఆపరేషన్ మధ్యలో డాక్టరు బయటికి పిలిచి, తీసిన దాన్ని స్టీలు ట్రేలో పెట్టి చూపించాడట. ఇంట్లోవాళ్లకు అలా చూపించడం మామూలే.

"గాజు తలుపులోంచి నీ కాళ్లు కనపడతాండె. ఈ పక్క ట్రేలో నువ్వు. ఒగే తూరి నిన్ను రెండు సోట్ల సూసినా," అంది.

"ట్రేలో ఉండేది నేనెట్లయితానే?"

"ఇన్నేండ్లు నేను వండింది పోసింది దాంట్లోకే గదప్పా," అని మొహం పక్కకు తిప్పుకుంది.

కోలుకోవడమంటే జనం బలం రావడం అనుకుంటారు. నా విషయంలో అది ఆకలి పోవడం. జీర్ణాశయం లేనివాడికి తిన్నది నేరుగా పేగులోకి జారుతుంది. ముందు పొట్టలోని గొట్టంలోంచి పాలలాంటి ద్రవం ఎక్కించారు. తర్వాత చెంచా నీళ్లు, జావ, మెత్తటి ఇడ్లీ ముక్క. ఫోనులో అలారం మోగితే తింటాను, లేకపోతే తినాలని గుర్తుండదు. తీపి లోపలికి పోతే కాసేపటికి ఒళ్లంతా చెమట, గుండె దడ. లోపల ఎవరో వద్దని తోసేసినట్టుంటుంది. ఇంకో విచిత్రం, అప్పుడప్పుడు అంగట్లో ఎవరూ లేనప్పుడు నా పొట్టలో ఆకలి కేక వినిపిస్తుంది. వినపడుతుంది కానీ నాకు ఆకలి ఉండదు. పక్కగదిలో ఎవరికో ఆకలవుతున్నట్టు వింటూ కూర్చుంటాను.

నేను లేచి తిరగడం మొదలుపెట్టాక కథ తనంతట తానే తయారైంది. క్రేట్ల కోసం వచ్చిన రైతులు నా చొక్కా కింద కోత గీత చూడాలనేవాళ్లు. చూపించేవాణ్ణి. పూవు సంగతి చెప్పేవాణ్ణి. కుడి అన్నచోట నా గొంతు గట్టిగా ఉండేది. చెప్పినకొద్దీ ఆ పూవు కుడివైపే పడినట్టు నాకూ కనిపించసాగింది.

నిమ్మనపల్లె వైపు నుంచి ఒక టమోటా రైతు మా అంగడికి వచ్చేవాడు. నాకంటే చిన్నవాడు, నవ్వులాట మనిషి.

"ఏమన్నా, పొట్ట ల్యాకపోయినా బేరం మాత్రం వదలవే!"

"పొట్ట పోయినాది గాని నోరుండాది గదప్పా."

ఒకరోజు ఆయన నవ్వకుండా వచ్చాడు. గొట్టం వేసి చూసిన రిపోర్టు నా ముందు పెట్టాడు. నాకు వచ్చిందే ఆయనకూ వచ్చింది. ఆపరేషన్ చేస్తామన్నారట, ఆలస్యం వద్దన్నారట. ఏం చేయమంటావన్నా అని అడిగాడు. కుప్పం పో అనాలి. ఆ మాటా అన్నాను. దానికి ముందు మాత్రం ఎప్పటిలాగే పూవు కథ చెప్పాను.

భార్యాభర్తలు పుంగనూరు వెళ్లి వచ్చారు.

"ఎడమ పడెనన్నా," అన్నాడు. "టప్పుమని. ఆయమ్మ ఆలోచన గూడా సెయ్యలా."

"అయినా ఆస్పత్రికి పో అప్పా."

"నీకు కుడి పడె, పోతివి. నాకు వద్దనింది గదా. వద్దన్నాక పోతే టేబుల్ మీదే పోతా," అని అంగళ్లు అనే ఊళ్లో ఎవరో ఇచ్చే వేరు కషాయం మొదలుపెట్టాడు.

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆ సీజనంతా తెరవలేదు. వచ్చిన ప్రతిసారీ ఆయన చొక్కా ఇంకాస్త వదులుగా కనిపించేది. నేను క్రేట్లు లెక్కపెట్టించి లోడు చేయించేవాణ్ణి. చివరికి ఆయన రావడం మానేసి వేరే మనిషిని పంపినప్పుడు పుంగనూరు బస్సెక్కాను.

అక్క వసారాలో వేరుశనగ చెరుగుతోంది.

"అక్కా, ఆ పొద్దు పడింది ఎడమ పూవు."

చేట ఆగలేదు. "ఎవురు సెప్పిరి?"

"ఎవురూ సెప్పలా. నేను సూసినా."

"సూసి?"

"గమ్మునుంటి."

చేట పక్కన పెట్టింది. "దొంగ నాయాలా! నేనొగదాన్నే మోస్తాండానని అనుకుంటి గదరా ఇన్నాళ్లూ!" అంది. కోపమో, ఊరటో నాకు తెలియలేదు. కాసేపటికి గొంతు తగ్గించింది. "ఎడమ పడిందంటే నువ్వు పోవు. పోకపోతే సస్తావు. పడినదాన్ని తీసి మళ్లీ అతికిచ్చి, కుడిదాన్ని పీకినా. తొందరలో తలకిందులైపోయ. ఆ పొద్దు నుంచి ఆయమ్మ కండ్లలోకి సూడలేదురా. అవి మూతపడని కండ్లు."

రైతు సంగతి చెప్పాను. అక్క నేల మీద రాలిన గింజలు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసింది.

"నువ్వు బతికుండేది ఆయమ్మకు తెలీదేమో అనుకుంటానురా ఒగోసారి," అంది చివరికి. "గట్టిగా సెప్తే వినపడతాదేమోనని బయం."

నా భయం కూడా అదే. ఆ సీజనంతా నా నోరు కట్టేసింది అదే. ఇద్దరం ఒకే భయాన్ని చెరో ఊళ్లో పెట్టుకుని బతికాం.

"సెప్పేదా అక్కా?"

"సెప్పు. ఈపొద్దే పో. నన్ను అనేవాళ్లు అననీ."

ఆ సాయంత్రమే ఆయన పొలానికి వెళ్లాను. మోటారు షెడ్డు పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. టమోటా కాయలు కోయకుండానే కర్రలకు వేలాడుతూ పండి పగిలాయి. చెప్పాల్సింది అంతా చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

"అయితే నువ్వు గూడా ఎడమోనివేనా?"

"ఎడమోన్నే."

"మరి అప్పుడే యాల సెప్పలా?"

"బయమప్పా. సెప్తే సస్తానేమోనని."

నా మొహంలోకి చూశాడు. "నేను సస్తాండా గదన్నా," అన్నాడు. తిట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు.

మరుసటి రోజు కారు మాట్లాడి కుప్పం తీసుకుపోయాను. నన్ను కోసిన డాక్టరే స్కాన్ చూశాడు. లివర్‌కు పాకిందన్నాడు. "అప్పుడే వచ్చి ఉంటే తీసేందుకు చూసేవాళ్లం. ఇప్పుడు కోస్తే నొప్పే మిగులుతుంది," అన్నాడు. నొప్పి తగ్గే మందులు, కొన్నాళ్లు ఇచ్చే వేరే మందులు రాశాడు. వసారాలో కూర్చున్న నన్ను ఒక నర్సమ్మ గుర్తుపట్టి బాగుండావా అప్పా అని పలకరించింది. రైతు నా పక్కనే ఉన్నాడు. నేను మందుల చీటీ చూపించి, ఇవి ఎక్కడిస్తారమ్మా అని అడిగాను.

తిరిగి వచ్చేటప్పుడు కిటికీ వైపు తల పెట్టుకుని పడుకున్నాడనుకున్నాను. పలమనేరు దాటాక మాట్లాడాడు.

"అన్నా, మా ఇంటామెకు ఇదంతా సెప్పొద్దు. ఎడమ పడింది, రాత అట్లుండాది అనుకోనీ. ఆలస్యమైందని తెలిస్తే ఆ గుడికి నన్ను తీసకపోయింది తానేనని తల కొట్టుకుంటాది."

సరేనన్నాను. చలికాలం రాకముందే ఆయన పోయాడు.

ఆ మాట మీద ఉందామనే అనుకున్నాను. కానీ కథ ఊరుకోలేదు. ఒకరోజు క్రేట్ల బేరానికి వచ్చిన ఒకామె నా ముందే ఇంకొకామెతో అంది: "ఈయప్పకు కుడి పడె, ఉండాడు. నిమ్మనపల్లె ఆయప్పకు ఎడమ పడె, పోయినాడు. ఇంగేం సాక్ష్యం గావల్ల?" బతికినవాడొక రుజువు, చచ్చినవాడొక రుజువు. పుంగనూరు వెళ్లి చూశాను. గుడి ముందు వరుసలో ఆస్పత్రి సంచులు చంకలో పెట్టుకున్నవాళ్లు నిలబడి ఉన్నారు. లోపల తడి పూలు.

అందుకే నిజం రాయాలనుకుని, ముందుగా ఆ రైతు భార్య దగ్గరికి వెళ్లాను. గడప మీద కూర్చుని ఉంది. ఆయన చెప్పొద్దన్నది కూడా దాచకుండా మొత్తం చెప్పాను. నన్ను తిడుతుందని సిద్ధపడ్డాను.

"నీకు ఎప్పుడు తెలిసె?" అంది.

"పూవు పడిన నాడే."

తల ఊపింది. అలా ఊపుతూనే ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఇదంతా రాస్తానమ్మా, పేర్లు రాయను అన్నాను.

"రాయి," అంది. "అయితే ఒగ మాట. ఆ గుడికి పోదామనింది నేను గాదన్నా. రిపోర్టు సూసినప్పుడే కుప్పం పోదాం పదప్పా అంటి. నువ్వు సెప్పిన కథ ఇని ఆయప్పే పుంగనూరు దారి పట్టె. నేను పూలు తెంపిచ్చినా, అంతే. తప్పు నీ మీద పడకుండా ఉండేదానికి నీకట్ల సెప్పినాడు. అది గూడా రాయి."