మోరీలో పోసిన రాణీ రంగు

ఇంకాస్త దగ్గరికి జరగండమ్మా, గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదిది. ఆ టీవీ కట్టేసి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వినండి.

నా చిన్నప్పుడు మేము మొఘల్‌పురాలో ఒక సన్నటి గల్లీలో ఉండేవాళ్ళం. గల్లీ మొదట్లో చిన్న గుడి ఉండేది, అందులో మా తాతయ్య పూజారి. నేను బడికి వెళ్ళింది తక్కువ. నాకు వచ్చిన నాలుగు మంచి ముక్కలూ ఆయన వెంట తిరిగి నేర్చుకున్నవే.

మా నల్లాల్లో నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుతుండగా వచ్చేవి. వచ్చినా సన్నటి ధార, బిందె నిండేలోపు కాళ్ళు పీకేవి. అందుకని ఎవరో ఒకరు నల్లాకు మోటారు తగిలించారు. దాంతో పక్కవాళ్ళకు నీళ్ళు తగ్గాయి, వాళ్ళూ తెచ్చుకున్నారు. వీళ్ళది చిన్నదైతే వాళ్ళది పెద్దది. అలా గల్లీ అంతా మోటార్లే అయ్యాయి. నీళ్ళు వచ్చే పొద్దున మా గల్లీలో కోడికూత వినపడేది కాదు, మోటార్ల గుర్రు వినపడేది. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. నీళ్ళు లేని ఇల్లు ఎలా నడుస్తుంది?

ఆ ఏడు ఎండాకాలం చివర్లో పక్కింటి అక్క మొదటి కాన్పుకని మలక్‌పేటలోని అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. నాకు ఆమె అంటే ప్రాణం. మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది, తనకొకటి నాకొకటి పంచేది. నేను ఆమె పొట్ట వంక చూస్తూ కూర్చుంటే నవ్వేది. "ఏందే పిల్లా, గట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్? లోపల ఉన్నోళ్ళు సిగ్గువడతరు!" అనేది. రోజూ పొద్దున గుడికి వచ్చి, పురుడు సుఖంగా జరగాలని దండం పెట్టుకుని, తాతయ్య చేతి తీర్థం తాగి వెళ్ళేది.

తొలకరి పడిన తర్వాత గల్లీలో కామెర్లు మొదలయ్యాయి. ముందు ఒక ఇంట్లో, తర్వాత దాని పక్కింట్లో. అన్నం చూస్తే వికారం, ఒళ్ళంతా నీరసం, కళ్ళు పసుపు ముద్దలు. దిష్టి అన్నారు, వేడి చేసిందన్నారు. ఉస్మాన్‌గంజ్ దగ్గర పసరు పోసే మనిషి ఉంటే ఆటోలు కట్టించుకుని అక్కడికి పరుగెత్తారు. జబ్బు మనిషి పేరున అర్చన చేసి, రక్ష కట్టమని తాతయ్యను పిలిచేవారు. అలా ఇంటింటికీ తిరిగిన ఆయనకే ఒక సంగతి తట్టింది. జబ్బుపడ్డవాళ్ళంతా మా వరుస ఇళ్ళవాళ్ళే. ఎదురు వరుసకు వేరే పైపు. అక్కడ ఒక్కరి కళ్ళూ పచ్చబడలేదు.

ఎదురు వరుసలో దుపట్టాలకు రంగులేసే భాయ్ ఉండేవాడు. తాతయ్య ఒక సాయంత్రం ఆయన గుమ్మం ముందు నిలబడి, రేపు నీళ్ళొచ్చే వేళకు ముదురు రాణీ రంగు ఒక గంగాళం నిండా కలిపి, మా వరుస ముందున్న మోరీలో, అదే మురికి కాలువలో, పోయమని అడిగారు. భాయ్ నోరు తెరిచాడు.

"పంతులు సాబ్, గది పక్కా రంగు. దుపట్టాలకు వేసేది మోరీల పోయమంటున్నరు, మోరీకి ఏమన్న షాదీ చేస్తున్నరా ఏంది?"

"పోయవయ్యా భాయ్. నేను ఒకటి చూడాలె. ఊరికే అడుగుతనా నేను?"

పొద్దున గల్లీ అంతా గుమిగూడింది. భాయ్ గొణుగుతూనే రంగు పోశాడు. మురికి నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. తాతయ్య ముందు అందరి మోటార్లూ ఆపించారు. అక్క వాళ్ళ నల్లా కింద తెల్లటి స్టీలు బిందె పెట్టారు. దారంలాంటి ధార, తేటగా ఉంది. తర్వాత మోటారు వేయించారు. గుర్రుమని శబ్దం వచ్చి ధార లావైంది. కాసేపు అలాగే పడింది. ఆ తర్వాత బిందెలోకి గులాబీ రంగు దిగడం మొదలైంది.

తాతయ్య మోటారు ఆపించి, బిందెను అందరికీ కనపడేలా ముందుకు జరిపారు. 

"మన పైపు మోరీ కిందికెల్లే పోతున్నది," అన్నారు తాతయ్య నెమ్మదిగా. "యాడనో చిల్లులు వడ్డయి. మోటార్ గుంజేది నల్లా నీళ్ళనొక్కటే గాదు, మోరీని గూడ గుంజుతున్నది. ఒకరి రోగం ఇంకొకరి బిందెల వడుతున్నది. పైపు బాగయ్యేదాంక మోటార్లు బంద్ చెయ్యాలె, తాగే నీళ్ళు కాగవెట్టాలె."

చిన్నపిల్లను నేను. గల్లీ అంతా తలూపుతుంటే చూసి, ఇక జబ్బు పోయినట్టే అనుకున్నాను. మా తాతయ్య కనిపెట్టేశారు కదా!

పెద్దవాళ్ళు నీళ్ళ ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టుకున్నారు. మనుషులు వచ్చారు, ఒకచోట తవ్వారు, అతుకు వేసి వెళ్ళారు. చిల్లి ఒకటా రెండా? పైపు మా తాతయ్యంత పాతది.

నీళ్ళొచ్చే రోజు మళ్ళీ వచ్చింది. మోటార్లన్నీ ఆగి ఉన్నాయి. మా ఇంట్లో సన్నటి ధార పడుతోంది. గల్లీ చివరింటామె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. "మీరు మొదట్ల ఉన్నరు గన్క మీకు ధార వడుతున్నది పంతులుగారూ. మా నల్లాల గాలి వస్తున్నది. పిల్లలకు గాలి తాపాల్నా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. కాసేపటికి ఆ చివర నుంచి ఒక మోటారు గుర్రుమంది. దాని పక్కన ఇంకొకటి. మాకు ధార ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్క ఇల్లే, దూరం నుంచి మా వైపుకి, గుర్రు నడుచుకుంటూ వచ్చింది. మా ఇంట్లోనూ పక్కింట్లోనూ మాత్రం వేయలేదు. అక్క వాళ్ళ అమ్మ తాతయ్యకు మాటిచ్చింది.

అప్పటికి భాయ్ రంగు వెళ్ళిపోయింది. బిందెల్లో నీళ్ళు మళ్ళీ తేటగా ఉన్నాయి. రంగు కనపడినంతసేపే మేము నమ్మామమ్మా. తేటగా కనపడగానే, నీళ్ళు బాగైపోయాయని మనసుకు చెప్పుకున్నాం.

అక్కకు వాంతులు మొదలయ్యాయి. కడుపుతో ఉన్నప్పటివే అనుకున్నారు. నేను మామిడికాయ తీసుకెళితే తల తిప్పుకుంది. కిటికీ వెలుగులో వాళ్ళమ్మ ఆమె రెప్ప కిందికి లాగి చూసింది, కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ ఇంట్లో విడిచిన బట్టలు, దుప్పట్లు, పక్కలు అన్నీ వాంతులతో తడిసిపోతున్నాయి. తర్వాత నీళ్ళు వచ్చిన రోజు వాళ్ళమ్మే మోటారు వేసింది. తాతయ్య వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డారు. ఆమె ఉతుకుతున్న చెయ్యి ఆపలేదు.

"ఏమనకుండ్రి నన్ను. నా బిడ్డ కక్కిన బట్టలు ఏ నీళ్ళల్ల పిండాలె? చెప్పుండ్రి, ఏ నీళ్ళల్ల పిండాలె?"

 పిండిన నీళ్ళు వాకిలి దాటి మోరీలోకి వెళుతుంటే ఆయన చూస్తూ నిలబడ్డారు. మోరీలోంచి పైపులోకి, పైపులోంచి ఇంకో ఇంటి బిందెలోకి. ఆ దారి ఆయనకు కనపడుతోంది. కనపడి మాత్రం ఏం చేస్తారు?

పసరు పోయించారు. తగ్గలేదు. అక్క మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టని స్థితికి వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తాతయ్య కూడా వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ విడమర్చి చెప్పిందట: ఈ కామెర్లకు ప్రత్యేకంగా మందు లేదు, మామూలు మనుషులకు చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కడుపుతో ఉన్నవాళ్ళనే ఎక్కువగా మింగుతుంది. పైగా నీళ్ళు తాగిన రోజున జబ్బు బయటపడదు, నెల దాటాక కూడా బయటపడవచ్చు. అంటే భాయ్ రంగు పోసిన పొద్దుటికే అది అక్క ఒంట్లో ఉంది. ఆ బిందె చుట్టూ నిలబడి మేమంతా ఆశ్చర్యపోతున్నప్పుడు, ఆమె గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని, రంగు నీళ్ళు చూసి నవ్వుతూ ఉంది.

ఆమె దక్కలేదు. బిడ్డా దక్కలేదు.

మనిషి పోతే ఇల్లంతా కడగాలి, అందరూ తలస్నానాలు చెయ్యాలి కదా. ఆ ఇంట్లోనూ కడిగారు. వెళ్ళి వచ్చిన ప్రతి ఇంట్లోనూ తలకు పోసుకున్నారు. అన్ని మోటార్లూ ఒక్కసారిగా మోగాయి. మా అమ్మ కూడా మోటారు వేసింది, తాతయ్య వద్దనలేదు. చెంబుతో నీళ్ళు నెత్తిన పోసుకుంటూ ఆయన ఏడ్వడం నేను మొదటిసారి చూశాను. "రోజూ నా చేత్తోనే పోసిన తీర్థం. గదీ గా నల్లా నీళ్ళే," అన్నారు మా అమ్మతో.  అక్క తాగినవి ఇంట్లో నీళ్ళా, గుడిలో నీళ్ళా అని ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేదు, చివరిదాకా ఆయనకు తెలియలేదు.

మర్నాటి నుంచి ఆయన గుడి వెనక పొయ్యి పెట్టి, నీళ్ళు కాచి చల్లార్చి తులసి వేసేవారు. కాగిన నీళ్ళు తీర్థమేమిటని కొందరు ముఖం మీదే అన్నారు, కొందరు రావడం మానేశారు. ఆయన కాచడం మానలేదు. గల్లీలో కామెర్లు వానాకాలమంతా ఉండి, వాటి ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళిపోయాయి. మోటార్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

రంగు పోసిన ఆ పొద్దున నుంచి నాకు మిగిలింది ఏమిటంటే, జబ్బు ఎలా వస్తుందో తెలిస్తే చాలు ఆగిపోతుందనే నమ్మకం నాకు లేదు. మాకు తెలుసు. కళ్ళారా చూశాం. ఒక ఇల్లు ఆగితే సరిపోదు, గల్లీ అంతా ఆగాలి. గల్లీ అంతా ఆగాలంటే చివరింటికీ నీళ్ళు రావాలి. అది మా చేతుల్లో లేదు. నాకూ ఇప్పుడు సొంత ఇల్లుంది, మోటారూ ఉంది. పక్కింట్లో గుర్రుమనగానే నా చెయ్యీ స్విచ్చి మీదికి వెళుతుంది. అప్పుడు మాత్రం, "ఏ నీళ్ళల్ల పిండాలె" అన్న ఆ తల్లి గొంతు వినపడి ఒక్క క్షణం ఆగుతాను. ఆగి, వేస్తాను. ఆ నీళ్ళు తెర్లేదాకా కాచి, ఆ తర్వాతే నోట్లో పోసుకోనిస్తాను. నా చేతిలో ఉన్నది అంతే.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి తల్లీ. మీ గల్లీ చివరింటికి కూడా ధార నిండుగా రావాలి. మీ ఇంటికి కాన్పుకు వచ్చిన ఆడపిల్ల, బిడ్డను ఎత్తుకుని, నవ్వుకుంటూ తన ఇంటికి తిరిగి వెళ్ళాలి.