ఏనుగు వీపు గోడ

మొన్న తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఒళ్లో పెద్ద కాగితం పరుచుకుని గుడి బొమ్మ గీస్తుంటే తొంగి చూశాను. గర్భగుడి వెనక గోడ మూలలు లేకుండా, కూర్చున్న ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంది. బాపట్ల గుడేనా అని అడిగితే, "అవునండి అమ్మమ్మగారూ, చోళుల నాటిది. మీరు చూశారా?" అంది. చూశానన్నాను గానీ, ఎలా చూశానో చెప్పేలోపే ఆ పిల్ల దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది.

మాది సముద్రపొడ్డున అడవులదీవి. నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి గాలివాన రేగి, అందరి పడవలూ తిరిగొచ్చినా మా నాన్న పడవ రాలేదు. ఒడ్డున ఎదురుచూసి చూసి, ఇక అక్కడ నిలవలేక అమ్మ నన్ను వెంటబెట్టుకుని బాపట్ల బస్సెక్కింది.

బయట ఎండ మండుతున్నా, గుడి మండపంలో అడుగుపెట్టగానే రాతి చల్లదనం అరికాళ్ల నుంచి పైకి పాకింది. చీకట్లోకి వరసగా సాగిపోయే స్తంభాలు, రాళ్ల నిండా మాకు అర్థంకాని పాత అక్షరాలు. ఎప్పటివాళ్లో గుళ్లో దీపాలు పెట్టించిన సంగతులు అవి అని పూజారిగారు చెబితే, వాళ్లకీ మాలాగే భయాలుండేవా అని అమ్మ అడిగింది.

"భయం లేకపోతే దీపాలెందుకమ్మా?" అన్నారాయన.

అమ్మ గుడి వెనక్కి నడిచి, ఆ గుండ్రటి గోడకి రెండు అరచేతులూ ఆనించి, ఒడ్డున రాని ఏడుపంతా అక్కడ ఏడ్చింది. నేనేమో తలెత్తి గర్భగుడి మీది విమానగోపురాన్ని చూస్తూ, నాన్న సంగతి కూడా మరిచిపోయి నిలబడిపోయాను.

పడవ చీరాల వైపు కొట్టుకుపోయిందట. నాన్న ఏదో లారీ పట్టుకుని ఇల్లు చేరాడు. ఆరోజు గుళ్లో మొక్కుకున్న మొక్కు తీర్చడానికి, అమ్మ బలవంతం మీద గొణుక్కుంటూ వచ్చిన మనిషి, ఆ గోడ దగ్గర చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయి, చివరికి మెల్లగా అన్నాడు: "సముద్రం ఒక్కటే పెద్దదనుకున్నానే ఇన్నాళ్లూ."

ఇప్పుడు పడవల్లో ఫోన్లున్నాయి, తుఫాను కబురు ముందే వస్తుంది. మా తమ్ముడి కొడుకు వేటకెళితే వాడి భార్య గంటగంటకీ మాట్లాడుతూనే ఉంటుంది. ఆ దిగులు తప్పినందుకు నాకు సంతోషమే. అయినా, మనవల్ని ఆ గుడికి తీసుకెళితే ఫొటో తీసుకుని, ఇక పోదామా నానమ్మా అంటారు. మాట పడిపోయేలా ఒక రాతి గోడ ముందు నిలబడటం ఎలాగో వాళ్లకి చెబుదామంటే, నాకూ మాటలు దొరకడం లేదు.