మామూలు దగ్గు

క్లినిక్‌కి వచ్చే తెల్లవాళ్ళు మా చెల్లెలు డల్సీని చూసి "ఎంత ఓపికో!" అని మెచ్చుకునేవారు. ఓపికా పాడా! నోరు విప్పిందంటే ఎదుటివాడి చెవులు చిల్లులు పడాల్సిందే. చంటిపిల్లల దగ్గర మాత్రం ఇట్టే కరిగిపోయేది. అందుకే ఎడారి మధ్యనున్న మా ఆదివాసుల ఊరు టిల్పారాలో, పరిశోధనకి వచ్చిన టౌను డాక్టర్లు పిల్లల ముక్కు పరీక్షల పని ఆమెకి అప్పజెప్పారు. సన్నటి పుల్లకి దూది చుట్టి ఉంటుంది. దాన్ని పిల్ల ముక్కులో తిప్పి, సీసాలో పెట్టి, క్లినిక్ ఫ్రిజ్‌లో దాచాలి. జబ్బు చేసిన పిల్లలవి కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవే కావాలి.

"మా పిల్లకి ఏ రోగమూ లేదుగా, దాని ముక్కెందుకు పొడుస్తావు?" అని తల్లులు మొరాయించేవారు.

"రోగం లేని ముక్కే కావాలిటే వాళ్ళకి. మరి నీ మొగుడి ముక్కు ఇమ్మంటావా, ఆ గురకకి సీసా పగిలిపోతుంది!" అనేది డల్సీ. వాళ్ళు పకపకా నవ్వేలోపు పుల్ల లోపలికి వెళ్ళి బయటికి వచ్చేసేది.

కొన్నాళ్ళకి నర్సు బ్రిడ్జెట్ క్లినిక్ వరండాలో అందరినీ కూర్చోబెట్టి ఫలితాలు చెప్పింది. పుట్టి వారాలు తిరక్కుండానే మా పిల్లల ముక్కుల్లో, గొంతుల్లో బాక్టీరియా కాపురం పెట్టేస్తోందట. జలుబు వైరసులు సరేసరి. పైకి ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లల్లోనే ఇంత ఉందట.

నాకు ఒళ్ళు మండింది. "ఒక్కో ఇంట్లో అంతమందిని కుక్కి, కుళాయి చెడిపోతే నెలల తరబడి ఒక్కడూ తొంగిచూడకపోతే క్రిములు రాక దేవదూతలు వస్తారా?" అన్నాను.

"నిజమే మేవిస్, ఆ మాటే రాసి పంపాం," అంది పాపం బ్రిడ్జెట్. రాశారు, పంపారు. కుళాయి మాత్రం అలాగే ఉంది.

డల్సీ మనవరాలు టలీషా కూడా ఆ పరీక్షల్లో ఉంది. రెండేళ్ళు నిండలేదు. తల్లి షరీన్ రెండో కాన్పు దగ్గరపడి టౌనుకి వెళ్ళడంతో పిల్ల అమ్మమ్మ చంకలోనే ఉండేది. బ్రిడ్జెట్ వచ్చినప్పుడల్లా "పాపకెలా ఉంది?" అని అడిగేది. "బంగారంలా ఉంది" అని డల్సీ జవాబు. పిల్ల గుండెల్లో కఫం గళగళమంటూనే ఉండేది. అయితే ఏం? ఏ ఇంట్లో లేదు ఆ దగ్గు? మా ఊళ్ళో ముక్కు కారని పిల్ల కనిపిస్తే ఎవరింటికి వచ్చిన చుట్టాలమ్మాయో అనుకుంటాం.

ఆ చలికాలంలో దక్షిణాన మా పెద్దాయన ఒకరు పోయారు. ఊరు ఊరంతా బళ్ళెక్కి సంతాపానికి కదిలింది. బ్రిడ్జెట్ సెలవులో ఉంది, ఆమె బదులు రావలసిన నర్సు ఇంకా రాలేదు. ఊళ్ళో మిగిలింది తుంటి నొప్పితో నేను, పిల్లతో డల్సీ, చెడిన బండి బాగుచేసుకుని వెనకాల వస్తానని ఆగిన డల్సీ అల్లుడు, టలీషా తండ్రి ఎర్రోల్. ఇక కుక్కలు.

మాలో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడరు, ఒకరితో ఒకరు మాట్లాడరు, ఒక బండిలో పక్కపక్కన కూర్చోరు. అది కోపం కాదు, గౌరవం. డల్సీకి అక్కని కనక నేనూ వాడికి అత్తనే. ఎర్రోల్ బుద్ధిమంతుడు, మేం వస్తుంటే దారి మార్చి పోయేవాడు. ఏదైనా చెప్పాలంటే కుక్కతో చెప్పేవాడు. "ఒరే గోధుమోడా, గుమ్మంలో కంగారూ తోక పెట్టానురా, చల్లారిపోతుంది," అని కుక్కని కేకేస్తే మేం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం టలీషా రొట్టె ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది. డల్సీ క్లినిక్ గోడకున్న ఫోను ఎత్తి డాక్టరుతో మాట్లాడింది. రోగుల్ని తీసుకెళ్ళే విమానం ఇంకెవరి కోసమో వెళ్ళిందట, వచ్చేసరికి చీకటి పడుతుందట. ఈలోగా బండిలో హైవే మీది పెట్రోలు బంకు దాకా తెస్తే అంబులెన్సు ఎదురొస్తుందట. బండంటే ఊళ్ళో ఎర్రోల్‌దొక్కటే. వాడికి వినబడేలా నేను కుక్కతో అంతా చెప్పాను.

"గోధుమోడా!" ఎర్రోల్ బయటినుంచి కేకేశాడు. "బండి కదుల్తోందని చెప్పరా. పిల్లని ముందు సీట్లో కడతాను. వాళ్ళిద్దరూ వెనక సామాన్ల తొట్టిలో కూర్చోవాలి. తొందరగా రమ్మను!"

ఆ గాలికి పిల్లని తొట్టిలో పెట్టుకునే వీల్లేదు. దుప్పట్లో చుట్టి ముందు సీటుకి కట్టాడు. డల్సీ, నేను వెనక్కి తిరిగి క్యాబిన్‌కి వీపులానించి కూర్చున్నాం. ఎర్రదుమ్ము కళ్ళల్లో, నోట్లో. నా తుంటి సంగతి దేవుడికెరుక. అద్దం వెనకనుంచి పిల్ల దగ్గు వినిపిస్తోంది. దగ్గినప్పుడల్లా డల్సీ నా చెయ్యి నొక్కేది. "ఉంది అక్కా, ఉంది," అనేది.

ఎండిన ఏరు దాటాక దగ్గు ఆగిపోయింది.

"పడుకుందేమోలే," అన్నాను. అన్నానే గానీ నాకే నమ్మకం లేదు.

డల్సీ ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. అద్దంలోంచి తిన్నగా లోపలికి చూసింది. అల్లుడి తల, మెడ, అన్నీ చూసింది. రెండు పిడికిళ్ళతో అద్దం బాదింది. "బండి ఆపరా ఎర్రోల్! ఆపు! పిల్ల పోతోందిరా నాయనా!"

 వాడి పెళ్ళయిన నాటినుంచి ఆమె నోట వాడి పేరు వినలేదు నేను. బండి జర్రున జారి ఆగింది. డల్సీ దూకి ముందు తలుపు లాగింది. పిల్ల పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. ఒళ్ళోకి లాక్కుని, తన నోటితో దాని ముక్కులోని చీమిడంతా పీల్చి బయటికి ఉమ్మింది. మళ్ళీ పీల్చింది. బోర్లా వేసి వీపు చరిచింది. "ఊపిరి తియ్యవే! తియ్యవే నా తల్లీ! తిట్టను, కొట్టను, ఒక్కసారి దగ్గవే!" పిచ్చిదానిలా అరుస్తోంది.

పిల్ల కక్కింది. దగ్గింది. ఎర్రోల్ స్టీరింగ్ మీద తల పెట్టి గుక్కపట్టి ఏడ్చాడు.

ఆ తర్వాత డల్సీ మళ్ళీ తొట్టి ఎక్కలేదు. పిల్లని నిటారుగా రొమ్ముకి ఆనించుకుని వాడి పక్కనే కూర్చుంది. వాడు మెడ కిటికీ వైపు ఒక్కటే వంకర పెట్టి, రోడ్డు ఎలా కనబడిందో ఏమో, బంకు దాకా తోలాడు. తొట్టిలో నేనొక్కదాన్నే. చచ్చిపోయిన మా అమ్మని, ఆమె వెనకున్న పెద్దవాళ్ళందరినీ క్షమించమని అడుగుతూ కూర్చున్నాను. అంబులెన్సు వాళ్ళు పిల్ల ముఖానికి గాలిగొట్టం పెట్టేసరికి డల్సీ సిగ్గుతో చెట్టు చాటుకి పోయి, కొంగు లేదు పాపం, చొక్కా ఎత్తి ముఖం కప్పుకుంది.

పిల్ల బతికింది. టౌను ఆసుపత్రిలో ఛాతీ లోపలి ఫోటోలు తీశారు. ఊపిరితిత్తుల్లో ఒక పక్క కింది భాగం పాడైందన్నారు. ఊపిరి గొట్టాలు సాగిపోయి కఫం నిలవుంటోందట, నెలల తరబడి ఉన్న దగ్గు వల్లట. ఇది ఒక్క రోజులో వచ్చింది కాదన్నారు. ముందే పట్టుకుని ఉంటే మందులతో తగ్గేదట.

కుర్ర డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి మెత్తగా అడిగింది. "దగ్గు ఎప్పుడు మొదలైందమ్మా?"

"మామూలు దగ్గేనమ్మా," అంది డల్సీ. 

"సరే, ఇలా చెప్పండి. దగ్గు లేకుండా ఎప్పుడుంది? ఎండాకాలంలోనా? పుట్టిన కొత్తలోనా?"

డల్సీ వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ ఆలోచించింది. నిజంగా వెతుక్కుంది. దొరకలేదు. తలుపవతల వరండాలో, మాకు వీపు పెట్టి నిలబడ్డ ఎర్రోల్ అక్కడున్న గోడకి చెప్పాడు. "దగ్గు లేకుండా ఎప్పుడూ లేదు."

డాక్టరమ్మ రాసుకుని వెళ్ళిపోయింది. ఆ వార్డులో మా వైపు పిల్లలే నాలుగు మంచాల్లో ఉన్నారు. అందరిదీ అదే గళగళ. డల్సీ చాలాసేపు ఒక్కొక్కళ్ళనీ చూసింది. నోటికి ఎదురు లేదని ఊరంతా అనుకునే ఆ మనిషి, నా చెవిలో గుసగుసగా అడిగింది.

"అక్కా, పిల్లలు మామూలుగా ఊపిరి తీస్తే ఎలా వినబడుతుందే?"

నాకు తెలియదు. నేను నలుగురు పిల్లల్ని పెంచాను.