ఇనుప రజను

ఏ బండొచ్చినా మెకానిక్ ముందు పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇరుసుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఇవాళ వచ్చింది బావమరిది బండి, ఎత్తు పెంచిన ఫోర్ వీల్ డ్రైవ్. కొండ మీద అతని భార్యకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. ఆ బురద దారి ఎక్కగలిగేది ఈ బండొక్కటే. ఫోనొచ్చి బయల్దేరగానే ముందువైపు టకటకమంది.

“బేరింగేగా బావా? బేరింగేనని చెప్పు!”

“నేనంటే అయిపోతుందా? స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలించు.”

టకటక పెద్దదైంది. ఇరుసు నూనె వేలికి రాసుకుంటే ఇనుప రజను మెరిసింది. మెకానిక్ ఆ వేలు బావమరిదికి చూపించాడు.

“షోకుకి బండిని ఆకాశానికెత్తావు, ఇరుసు వంపు సరిచేయించావా? జాయింటు ముక్కలైంది. ముందు చక్రాలు లాగవు, ఇక ఆ బురద ఎక్కదు.”

బావమరిది నేలమీద కూలబడ్డాడు. మెకానిక్ షెడ్డులో తాను కునుకు తీసే మడతమంచం భుజానికెత్తుకున్నాడు.

“లేవరా! చెల్లెమ్మని దీనిమీద మోసుకొద్దాం,” అన్నాడు.