సిగ్నల్ కింద బుగ్గమ్మ

కాపురానికి తాండూరు వచ్చినప్పుడు దేవమ్మ తన పెట్టెలో చీరల మడతల మధ్య తండ్రి తీసిన ఫోటోలు పెట్టి తెచ్చుకుంది. అన్నీ వికారాబాదు స్టేషనువే, అన్నీ సిగ్నళ్లే. రెక్క చాచిన సిగ్నలు, రెక్క దించిన సిగ్నలు, బీదరు లైను చీలే చోట పక్కపక్కన నిలబడ్డ జంట సిగ్నళ్లు, వాన వెలిశాక మెరుస్తున్న ఇనుప నిచ్చెన. అత్త శాంతవ్వ ఒక్కొక్కటే తిప్పి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ నాయిన గమ్మతి మనిషే పిల్లా! కట్టుకున్నదాన్ని ఇడిసిపెట్టి కంబాలకు ఫోటోలు తీసిండు."

"మా అవ్వనే తియ్యనియ్యలేదట అత్తా. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతదని భయమట."

దిగనంత మాత్రాన ఆయుష్షు పెరిగిందీ లేదు. దేవమ్మ ఇంకా దోగాడుతుండగానే తల్లి బుగ్గమ్మ జ్వరమొచ్చి పోయింది.

దేవమ్మ తండ్రి మొగులప్ప సిగ్నళ్ల దీపాలు చూసే మనిషి. పొద్దు వాలుతుందనగా గాసునూనె పోసిన దీపాలు మోసుకుపోయి, నిచ్చెనలెక్కి పెట్టి వచ్చేవాడు. తెల్లారి దించి, మసి తుడిచి, వత్తులు కత్తిరించేవాడు. పోలీసు యాక్షనైన ఏడు ఊరు విడిచిపోతూ ఒక గార్డు తన డబ్బా కెమెరా అతని చేతిలో పెట్టి పోయాడు. తుడిచి తుడిచి తన బిడ్డల్లాగ చూసుకున్న వాటినే మొగులప్ప ఫోటోలు తీశాడు. రైలు మీద పోయేవాళ్ల చేత హైదరాబాదు పంపి కడిగించి తెప్పించుకునేవాడు.

ఆ ఫోటోల్లో ఒక్కదాంట్లో మాత్రం బుగ్గమ్మ ఉంది. సద్ది తెచ్చి సిగ్నల్ కింద నిలబడింది. "జర ఇటు సూడు" అని మొగులప్ప కేక వేస్తే నవ్వుకుంటూ తిరిగిందట. ఎంత దూరాన ఉందంటే, మొఖం నువ్వుగింజంత. కండ్లేవో ముక్కేదో తెలియదు. దేవమ్మ ఆ నువ్వుగింజను చూస్తూనే పెరిగింది.

"అవ్వ ఎట్లుంటుండె నాయినా?"

"నీ లెక్కనే బిడ్డా."

ఎన్నిసార్లడిగినా అదే మాట. ఆ మాట పట్టుకుని దేవమ్మ అద్దంలో తనను తాను చూసుకునేది. ముక్కు అవ్వదేనా, గదుమ అవ్వదేనా అని తడుముకునేది. అద్దంలో ఎప్పుడూ తనే కనిపించేది.

ఆ ఏడు పెత్తరమాస దగ్గరికొచ్చింది. పోయినవాళ్ల పేర వండి ఆకులో పెట్టే పండుగ. శాంతవ్వ గోడ మీది తన మామ ఫోటో తుడుస్తూ అంది, "మీ అవ్వకు గూడ ఓ ఆకు పెట్టుకో పిల్లా, నేనేమంట? ఫోటో ఉంటె పక్కన పెట్టు. మొఖం లేని మనిషికి ఎటు దిక్కు చూసి పెడ్తవ్?"

ఆ మాట దేవమ్మకు ముల్లులా దిగింది. తండ్రి బిడ్డను చూసిపోదామని వచ్చినప్పుడు అవ్వ ఉన్న ఆ ఒక్క ఫోటో చేతిలో పెట్టింది.

"నాయినా, స్టూడియోల పెద్దగ చేస్తరట. గింత అవ్వను గంత చేపియ్యి. ఒక్కసారి చూస్త. ఇంకేమడగ."

మొగులప్ప ఫోటో వంక చాలాసేపు చూశాడు. "చేపిస్త బిడ్డా" అన్నాడు.

పెత్తరమాసకు ముందటి రోజు మధ్యాహ్నం బండి దిగి, పాత తువ్వాలలో చుట్టిన పటం తెచ్చాడు. దేవమ్మ చేతులు కడుక్కుని వచ్చి విప్పింది. బొట్టు, ముక్కుపుల్ల, పాతకాలపు కమ్మలు. నిండు మొఖం.

"ఓయమ్మో! అచ్చం నువ్వే గదనే పిల్లా!" అంది శాంతవ్వ.

దేవమ్మ పటం అద్దం మీద చేయి పెట్టి నుదురు నిమిరింది, చెంపలు నిమిరింది. "అవ్వా" అంది మెల్లగా. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మాట ఒకరి మొఖం చూసి అనడం అదే మొదలు.

అంతలో వేలు కనుబొమ్మ కింద ఆగింది. అక్కడ చిన్న మచ్చ ఉంది.

"నాయినా... అవ్వకు గూడ ఈడ కాలిందా?"

మొగులప్ప తల వంచుకున్నాడు. ఆ మచ్చ దేవమ్మది. తల్లి పోయాక పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక దీపాల గదికి వెంట తీసుకుపోతే, వేడి చిమ్నీ తగిలి కాలిన మచ్చ.

"స్టూడియో ఆయన అండ్ల మొఖమే లేదన్నడు బిడ్డా. పెద్దగ చేస్తే అన్ని సుక్కలే వచ్చినయ్. ముక్కెట్లుంటది, కండ్లెట్లుంటయ్ చెప్పు, కుంచెతోని దిద్దుత అన్నడు." పాత తువ్వాలను మడతపెట్టాడు. "చెప్పవొయ్యిన. యాదికి రాలే. ఏ సిగ్నలుకు ఏడ పెచ్చులూడిందో చెప్త గని, దాని మొఖం యాదికొస్తలేదు. అది కండ్ల ముంగట ఉన్నన్ని దినాలు చూసిన్నో లేదో. నీ పెండ్లి ఫోటో ఇచ్చి, గిట్లనే ఉంటుండె అన్న."

శాంతవ్వ గభాలున పటం లాక్కుంది. "బతికున్న కోడలికి దండేసి ఆకు పెట్టిస్తవా ముసలోడా? మతి గిట్ల పోయిందా నీకు?" పటాన్ని బోర్లా తిప్పి బియ్యం డబ్బా వెనక పెట్టింది.

దేవమ్మ తండ్రికి అన్నం పెట్టింది. అతడు నాలుగు ముద్దలు తిని చేయి కడిగేశాడు.

బండి వేళకు స్టేషను దాకా వెంట పోయింది. ప్లాట్‌ఫారం మీద అడిగింది. "ఏదో ఒక్కటన్న యాదికి ఉందా నాయినా?"

"నవ్వుడు ఇనొస్తది. సద్దిమూట ఇప్పితె వాసనొస్తది. నన్ను తిట్టిన తిట్లన్ని యాదికున్నయ్. మొఖమే రాదు."

ఇన్నాళ్లూ ఆ మొఖం తండ్రి దగ్గర భద్రంగా ఉందనీ, అడిగితే చాలు ఏనాటికైనా ఇస్తాడనీ దేవమ్మ అనుకుంది. ఇప్పుడది లోకంలో ఎవరి దగ్గరా లేదు.

బండి వచ్చింది. మొగులప్ప ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. బండి కదిలే దాకా, కదిలిన తర్వాత కూడా, తల బయటపెట్టి బిడ్డ మొఖాన్నే చూస్తున్నాడు. నుదురు, కండ్లు, ముక్కు, మళ్లీ నుదురు. దేవమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. తండ్రి చూడకుండా అటు తిరుగుదామనుకుంది. తిరగలేదు. కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. కండ్ల నీళ్లు కారుతున్నవి కారుతున్నట్టే ఉంచి, బండి కనుమరుగయ్యే దాకా అతనికి ఎదురుగా నిలబడింది.