ఒకే కారులో వచ్చిన ఇద్దరు

నా తమ్ముడు శామ్యూల్ ఖతర్‌లో గుండెపోటు నుంచి బతికి బయటపడి ఏడాది నిండుతోందని, వచ్చే శుక్రవారం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటున్నామని మరదలు రూతు ఫోన్ చేసింది. "నువ్వొస్తేనే పెడతాం వదినా" అంది. కాకినాడలో ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పాస్‌పోర్టు తీసుకుని ఆరేళ్లయినా అందులో ఒక్క ముద్ర లేదు. వాణ్ణి ఆ రోజు కారులో వేసుకొచ్చిన ఇంగ్లీషువాళ్లిద్దరికీ నా నోటితో థాంక్స్ చెప్పాలని ఏడాదిగా మనసులో ఉంది. బయల్దేరాను.

ఆదివారం సామర్లకోటలో రైలెక్కి, సోమవారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగాను. విమానం సాయంత్రం నాలుగూ ఇరవైకి. వెళ్లదలచినవారికి ఒక మాట: మన పాస్‌పోర్టుకు ఖతర్ వీసా ముందుగా అక్కర్లేదు, దిగాక అక్కడే ఇస్తారు. తిరుగు టికెట్టూ, ఉండబోయే చోటు వివరాలూ చేతిలో ఉంచుకోవాలి. పెట్టెలో పచ్చడి సీసా పెట్టేవాళ్లు మూత చుట్టూ టేపు వేసుకోండి. నేను వేయలేదు. రెండు చీరలకు ఇప్పటికీ ఆవకాయ వాసన పోలేదు.

పక్క సీటులో కరీంనగర్ వైపు మనిషి, సెలవు ముగించుకుని వెళ్తున్నాడు. "పదేండ్ల సంది దోహాలనే ఉంటున్నక్కా. మా అవ్వ మాత్రం నా కొడుకు దుబాయ్ పోయిండు అనే చెప్తది" అని నవ్వాడు. బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఇచ్చిన కాగితం ఎలా నింపాలో అతనే చూపించాడు.

గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకుంటే, దిగేసరికి ఆరుంబావు. శామ్యూల్ బయట నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. వాణ్ణి దగ్గరకు తీసుకునేలోపే నా వేళ్లు వాడి మణికట్టు మీదికి పోయాయి.

"ఇక్కడ కూడా డ్యూటీయేనా అక్కా" అన్నాడు.

నాడి బాగుంది. అప్పుడు ఏడ్చాను.

వాళ్లుండేది అల్ ఖోర్‌లో, కంపెనీ క్వార్టర్స్. దోహా నుంచి కారులో యాభై నిమిషాలు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో వాడు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. పొద్దున ఐదింటికే షిఫ్టు బస్సు వస్తుంది. మంగళవారం వాడికి సెలవు. ఆ రోజు టీ తాగుతూ అడిగాను: "ఆ ఇద్దరూ శుక్రవారం వస్తున్నారు కదా?"

వాడూ రూతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇద్దరూ రారక్కా. ఒకరుంటే ఇంకొకరు రారు."

అప్పుడు చెప్పాడు. గ్రాహం ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు, కీత్ ఇంజినీరు. పంతొమ్మిదేళ్ల కిందట ఒకే నెలలో ఇక్కడికి వచ్చినవాళ్లు, శుక్రవారాలు కలిసి చేపలు పట్టడానికి వెళ్లేవాళ్లు. మూడేళ్ల కిందట వాళ్ల దేశంలో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ఓటు పెట్టారు. కొద్ది తేడాతో బయటికి రావాలన్నవాళ్లు గెలిచారు. ఇప్పటికీ ఎలా రావాలో తేలక, టీవీ పెడితే చాలు, లండన్ వీధుల్లో జెండాలు పట్టుకుని రెండు గుంపులు అరుచుకుంటూ కనిపిస్తున్నాయి. ఫలితం వచ్చిన రోజు ఇక్కడి క్లబ్బులో అందరి ముందూ ఈ ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. గ్రాహం బయటికి రావాలనే పక్షం. కీత్ భార్య మార్తా స్పెయిన్ ఆవిడ. కీత్ ఆ పక్షం వాళ్లందరినీ మూర్ఖులన్నాడు. ఇష్టం లేకపోతే నీ భార్యతో ఆవిడ దేశానికి పో అన్నాడు గ్రాహం. అంతే, మాటలు పోయాయి.

"మరి నిన్ను కారులో ఎలా తెచ్చారురా?"

"అదేనక్కా విచిత్రం."

ఏడాది కిందట ఆఫీసువాళ్లంతా అల్ షహానియా దాటి, ఎడారిలో ఒక ఒంటెల ఫారం చూడటానికి వెళ్లారట. ఆ ఇద్దరూ వేరువేరు కార్లలో. ఫారం దగ్గర వీడు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సు మెయిన్ రోడ్డు దగ్గరికి వస్తుంది, అక్కడిదాకా ఇసుక దారి. గ్రాహం తన కిట్టులోంచి ఆస్ప్రిన్ తీసి నమిలించి, స్టీరింగ్ పట్టుకున్నాడు. కీత్ వెనక సీటులో వీడి తలను ఒళ్లో పెట్టుకున్నాడు. ఇరవై ఐదు నిమిషాలు. "నాడి ఎలా ఉంది" అని ముందు నుంచి, "ఉంది, తోలు" అని వెనక నుంచి. స్పృహ తప్పకుండా కీత్ వీణ్ణి పేర్లు అడుగుతూ ఉన్నాడట: పిల్లల పేర్లు, అమ్మ పేరు, అక్క పేరు. అంబులెన్సులో ఎక్కించాక ఇద్దరూ చెరో పక్కకు వెళ్లిపోయారు.

అసలు సంగతి రూతు చివర్లో చెప్పింది. దేశం వదిలి పదిహేనేళ్లు దాటితే వాళ్లకు ఓటుండదట. ఆ ఇద్దరికీ ఓటే లేదు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బుధవారం శామ్యూల్ డ్యూటీకి వెళ్లాక, ఒంటిగంటన్నరకు దోహా బస్సెక్కాను. ఏసీ బస్సు, ముందు వరసలు ఆడవాళ్లకు వదిలేస్తారు. కార్డు ముందే కొనుక్కోవాలి, డబ్బులు తీసుకోరు. రూతు తన కార్డు ఇచ్చింది. దోహా బస్టాండులో ఇడ్లీ తిని, టాక్సీలో మదీనత్ ఖలీఫా అనే పేటకు వెళ్లాను. ఎత్తైన ప్రహరీలు, లోపల తెల్లటి ఇళ్లు, గోడల మీదుగా కాగితంపూలు. కీత్ ఇప్పుడు దోహా ఆఫీసులో పనిచేస్తూ ఇక్కడ ఉంటున్నాడు.

తలుపు తీసి నన్ను చూశాడు. శామ్యూల్ అక్కనని చెప్పేలోపే, "విజయ!" అన్నాడు. "ఆ రోజు ఆ పేరు పది సార్లు చెప్పించాను."

అతని చేతులు రెండూ పట్టుకున్నాను. నా ఇంగ్లీషు వార్డు ఇంగ్లీషు. నొప్పి ఎక్కడ, ఎన్ని రోజులుగా అని అడగడానికి పనికొస్తుంది. థాంక్స్ చెప్పడానికి సరిపోలేదు. మార్తా నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. శుక్రవారం ఒంటిగంటకు భోజనానికి రమ్మన్నాను.

"గ్రాహం వస్తున్నాడా?" అన్నాడు కీత్.

"రేపు వెళ్లి పిలుస్తాను."

"అయితే మేం ఇంకో రోజు వస్తాం."

"నేను సోమవారం వెళ్లిపోతున్నాను. మీరిద్దరూ నా తమ్ముణ్ణి ఒకే కారులో తెచ్చారు. విడివిడిగా రెండుసార్లు థాంక్స్ చెప్పడం నాకు చేతకాదు."

అతను కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లాడు. గేటు దాకా వచ్చింది మార్తానే. "ఇంగ్లండులో మాకో చిన్న ఇల్లుంది. ఈయన రిటైరయ్యాక అక్కడ ఉందామనుకున్నాం. ఇప్పుడు నేనక్కడ ఉండొచ్చా అని కాగితాలు చూసుకోవాలి. ఆయన కోపం అదే" అంది.

గురువారం సాయంత్రం ఐదింటికి, అల్ ఖోర్ సముద్రం ఒడ్డున గ్రాహం నడుస్తాడని శామ్యూల్ తీసుకెళ్లాడు. అరవై దాటిన మనిషి, మొహం ఎండకు కమిలి ఎర్రగా ఉంది. ఒడ్డున కట్టేసిన చెక్క పడవలను చూస్తూ నిలబడ్డాడు. కృతజ్ఞత చెబితే, "ఎవరైనా తోలేవాళ్లే" అని మాట తప్పించాడు. కీత్‌ను కూడా పిలిచానని చెప్పాను. అతను ఒక పడవ వైపు వేలు చూపించాడు.

"మా నాన్నకు పడవ ఉండేది. యూనియన్ చేపల నిబంధనలు వచ్చాక పడవ ఇచ్చేయాల్సొచ్చింది. ఆయన కళ్ల ముందే రేవులో ముక్కలు చేశారు. ఆయన మళ్లీ సముద్రం వైపు నడవలేదు. కీత్‌కు ఇదంతా కాగితాల మీది సంగతి."

"ఈ మాట ఆయనకు చెప్పారా?"

"అడగలేదు" అన్నాడు.

శుక్రవారం పన్నెండింటికల్లా కోడి పలావు, రొయ్యల వేపుడు, చింతకాయ పప్పు సిద్ధం. వచ్చింది పది మందే. ఒంటిగంటకు గ్రాహం వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. నెమ్మదిగా ప్రార్థన ముగించాం. ఒంటిగంటా నలభైకి, ఇక రారని రూతు వడ్డన మొదలుపెట్టబోతుంటే బెల్ మోగింది. కీత్, మార్తా. గ్రాహం లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

పది నిమిషాలు ప్లేట్ల చప్పుడు తప్ప మాటల్లేవు. శామ్యూల్ షిఫ్టులోనే పనిచేసే జగిత్యాల మల్లేశ్ ఉన్నాడు, దాపరికం లేని మనిషి. ఏదో ఒకటి మాట్లాడాలని ఇంగ్లీషులో, "సార్, మీ దేశం ఎప్పుడు బయటికొస్తుంది?" అన్నాడు.

ఇక చూడండి. "ఎప్పటికీ రాకపోతే మేలు" అన్నాడు కీత్. "ఓటంటే ఓటే" అన్నాడు గ్రాహం. గొంతులు లేచాయి. నాకు సగం అర్థం కాలేదు. మార్తా ప్లేటు పక్కన పెట్టేసింది. శామ్యూల్ మొహం పాలిపోయింది. వీడికి మళ్లీ ఏమవుతుందోనని నాకు భయం వేసింది.

మల్లేశ్ చెయ్యి పైకెత్తాడు, బళ్లో పిల్లాడిలా. తెలుగులో మొదలుపెట్టాడు, శామ్యూల్ ఇంగ్లీషులో చెబుతూ పోయాడు.

"మేం గూడ ఇడిపోయినం సార్. మా రాష్ట్రం వేరే అయిన దినం నేను క్యాంపుల మిఠాయి పంచిన. గీ శామ్యూల్ అన్న తినలే. నాకు మస్తు కోపమొచ్చింది. మూడు నెలలు మాట్లాడుకోలే. ఒకనాడు డ్యూటీ బస్సుల అన్న పక్క సీటొక్కటే ఖాళీ ఉండె. యల్లా యల్లా అని డ్రైవర్ తొందర వెట్టిండు. కూసున్న. జ్వరమొచ్చిందా అని అన్ననే అడిగిండు. నాకు నిజంగనే జ్వరం."

"అయితే ఇప్పుడు ఒప్పుకున్నావా, రాష్ట్రం విడిపోవడం సరైనదేనని?" శామ్యూల్‌ను అడిగాడు గ్రాహం.

"లేదు సార్" అన్నాడు నా తమ్ముడు.

"నేను గూడ ఒప్పుకోలే, తప్పని" అన్నాడు మల్లేశ్. మార్తా ముందు నవ్వింది. తర్వాత అందరం.

నవ్వు ఆగాక గ్రాహం మార్తా వైపు తిరిగాడు. "ఆ రోజు క్లబ్బులో మీ దేశానికి పొమ్మన్నాను. ఓటు సంగతి వేరు. ఆ మాట మాత్రం అనకూడనిది. నన్ను క్షమించండి." ఆవిడ తలూపింది.

కీత్ వెంటనే మెత్తబడలేదు. పలావు కొంచెం తిన్నాడు, నీళ్లు తాగాడు. నేను గ్రాహం వైపు చూశాను. "మీ నాన్న సంగతి ఈయనకు చెప్పండి" అన్నాను. గ్రాహం చెప్పాడు, పడవ పేరు, ముక్కలు చేయడానికి ఎన్ని గంటలు పట్టిందో, అంతా. కీత్ తినడం ఆపి విన్నాడు.

"పంతొమ్మిదేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు" అన్నాడు చివరికి. "మూర్ఖులన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు కోరుకున్నది తప్పే."

"నువ్వలా అనుకోవచ్చు" అన్నాడు గ్రాహం, రొయ్యల గిన్నె అతని వైపు జరుపుతూ.

అప్పుడు లేచి, ఏడాదిగా అనుకున్నది చెప్పాను. ఇద్దరికీ కలిపి, ఒక్కసారే. ఇంగ్లీషు వ్యాకరణం తప్పే ఉంటుంది, ఎవరూ దిద్దలేదు. వెళ్లేటప్పుడు మెట్ల మీద మళ్లీ వాదన వినిపించింది, ఈసారి చేపల నిబంధనల మీద. రూతు కంగారు పడింది. "ఉండనీ అమ్మాయ్, మాట్లాడుకుంటున్నారు" అన్నాను.

శని, ఆదివారాలు ఇంట్లోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం రూతు కొత్త మెట్రో ఎక్కించింది. రెండు రియాళ్లకు ఊరి ఒక చివర నుంచి ఇంకో చివరకు. సోమవారం పొద్దున శామ్యూల్ ఎయిర్‌పోర్టులో దించాడు. మాత్రలు మానొద్దని మూడోసారి చెబితే, "సరే సిస్టర్" అన్నాడు.

తిరుగు విమానంలో పక్కన రాయచోటి దగ్గరి ఆవిడ, నలభై ఏళ్లుంటాయి. నాలుగేళ్లుగా ఒక ఇంట్లో వంట చేస్తూ, మొదటిసారి సెలవు మీద పోతోంది. మ్యూజియం చూశారా, బీచి చూశారా అని అడిగింది. లేదన్నాను.

"మరి వారం దినాలు ఏం చూసినావక్కా ఖతర్‌లో?"

"నా తమ్ముణ్ణి చూశానమ్మా. వాణ్ణి కాపాడినవాళ్లను చూశాను."

ఆవిడ తన భోజనంలోని మిఠాయి డబ్బా నా ట్రేలో పెట్టింది. "ఇంగేం గావల్లక్కా, తిను" అంది.